వెంటిలేటర్ మీదున్న రోగి ఊపిరితిత్తుల్లో నీటిని దేనితో కొలవాలి?

పీజీ, మహారాణిపేట

అందరికీ నమస్కారం. వానలు తగ్గే రోజుల్లో ఏజెన్సీ వైపు నుంచి తీవ్రమైన ఫాల్సిపారం మలేరియాతో వచ్చేవారిలో కొందరికి ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు దెబ్బతిని, నీరు చేరి, రక్తానికి ఆక్సిజన్ చాలని తీవ్ర స్థితి) ముదిరి, గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టవలసి వస్తోంది. అలాంటి రోగుల దగ్గర నిలబడినప్పుడల్లా నాకు ఒకే సందేహం ఎదురవుతోంది. ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్టు చూస్తే లోపలికి ఎక్కినదానికంటే బయటికి పోయినదే ఎక్కువగా ఉంటుంది. మూత్రం పెంచే మందు ఫ్యూరోసిమైడ్ ఇస్తే మూత్రం బాగానే వస్తూ ఉంటుంది. అయినా ఆక్సిజన్ అవసరం తగ్గదు, ఎక్స్‌రేలో తెలుపు తగ్గదు. చార్టు నెగటివ్ అన్న తరువాత కూడా ఊపిరితిత్తి తడిగా ఉందంటే, మనం కొలుస్తున్నది అసలు కొలవవలసిన దాన్నేనా? వెంటిలేటర్ నడుస్తుండగా ఊపిరితిత్తుల్లోని నీటిని మంచం దగ్గరే నమ్మకంగా అంచనా వేసే పద్ధతులేమిటో, మీరు రోజూ వేటిని వాడుతున్నారో చెప్పగలరని కోరుతున్నాను.

స్టాఫ్ నర్సు, అరిలోవ

డాక్టర్ గారూ, చార్టు రాసేది మేమే కాబట్టి దాని సంగతి ముందు నేను చెబుతాను. రోగి ఐసీయూలోకి వచ్చాకే చార్టు మొదలవుతుంది. పాడేరు నుంచో చింతపల్లి నుంచో ఘాట్ రోడ్డు దిగి వచ్చిన మనిషికి మొదట చూసిన చోట ఎన్ని సీసాలు ఎక్కాయో, దారిలో ఎన్ని ఎక్కాయో రిఫరల్ కాగితం మీద ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. మన లెక్క సున్నా దగ్గర మొదలైనా రోగి మాత్రం సున్నా దగ్గర ఉండడు.

లోపలికి పోయేవాటిలో డ్రిప్పు సీసా అందరికీ కనిపిస్తుంది. మందులు కలిపిన నీరు కనిపించదు. రెండు యాంటీబయాటిక్‌లను ఒక్కొక్కటి 100 మి.లీ. సెలైన్‌లో కలిపి రోజుకు మూడుసార్లు ఇస్తే అదే 600 మి.లీ. అవుతుంది. దీనికి తోడు సిరింజి పంపుల్లో నడిచే మత్తు, నొప్పి, బీపీ మందులు మిడజోలం, ఫెంటనిల్, నార్‌అడ్రినలిన్, లైన్లు మూసుకుపోకుండా కొట్టే ఫ్లష్‌లు, మాత్రలు పొడి చేసి రైల్స్ ట్యూబులో (ముక్కు నుంచి కడుపులోకి వేసే గొట్టం) పోసే నీళ్లు ఉంటాయి.

బయటికి వచ్చేదానిలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. మూత్రాన్ని సంచి మీది గీతలు చూసి రాయకుండా, యూరోమీటర్ (మూత్రం కొలిచే గీతల డబ్బా) గదిలో గంటగంటకూ చూసి రాస్తే తేడా బాగా తగ్గుతుంది. విరేచనాలైతే డైపరును తూచి, ఖాళీ డైపరు బరువు తీసేసి, గ్రాముకు ఒక మి.లీ. చొప్పున వేస్తాము. సక్షన్ జాడీలో (ఊపిరి గొట్టంలోని స్రావాలను పీల్చి పట్టే సీసా) ఉన్నదంతా రోగి నుంచి వచ్చింది కాదు. పైపు కడగడానికి పీల్చిన సెలైన్ కూడా అందులోనే ఉంటుంది, దాన్ని మినహాయించాలి. చెమటను, జ్వరం వల్ల చర్మం నుంచి ఆరిపోయే నీటిని ఎవరూ కొలవలేరు, అంచనాగా వేయవలసిందే.

రెస్పిరేటరీ టెక్నీషియన్, పెందుర్తి

సిస్టర్ గారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. ఊపిరి ద్వారా పోయే నీటిని మామూలు మనిషికి వేసినట్టే వెంటిలేటర్ రోగికీ వేయడం చాలా చార్టుల్లో చూస్తాము. 37 డిగ్రీల దగ్గర పూర్తిగా తేమ పట్టిన లీటరు గాలిలో 44 మి.గ్రా. నీరు ఉంటుంది. హీటెడ్ హ్యూమిడిఫయర్ (గాలిని వేడిచేసి తేమ పట్టించే పరికరం) సరిగా పనిచేస్తుంటే దాదాపు ఆ తేమతోనే గాలి లోపలికి పోతుంది గనుక, ఊపిరి ద్వారా శరీరం కోల్పోయేది లెక్కలోకి రానంత తక్కువ. అలాగే హ్యూమిడిఫయర్ గదిలో తగ్గిన నీటిని ఇన్‌టేక్ కింద వేయకూడదు. అది గాలితో వెళ్లి గాలితోనే తిరిగి వస్తుంది, లేదా ట్యూబుల్లో చెమ్మగా దిగి వాటర్ ట్రాప్‌లో చేరుతుంది.

కైలాసగిరి, క్రిటికల్ కేర్

పీజీ గారి ప్రశ్న సరైన చోటే పడింది. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తుల్లో రక్తనాళాల వెలుపల ఉండే నీరు, ఎత్తును బట్టి లెక్కగట్టిన శరీర బరువులో కిలోకు సుమారు 3 నుంచి 7 మి.లీ. 10 దాటితే నీరు చేరినట్టే అనుకుంటాము. 15 దాటితే పరిస్థితి తీవ్రమైనట్టు. లెక్క ప్రకారం 60 కిలోలున్న మనిషిలో మంచి ఊపిరితిత్తి నీరు 420 మి.లీ. లోపు, ఘోరంగా ఉన్న ఊపిరితిత్తి నీరు 900 మి.లీ. పైన. రోగి బతుకును అటూ ఇటూ చేసే తేడా అర లీటరు మాత్రమే. పైన సిస్టర్ గారు వివరించిన మందుల నీరు ఒక్కటే 600 మి.లీ. ఉంది. చార్టును ఎంత శ్రద్ధగా రాసినా ఊపిరితిత్తిలోని అర లీటరు అందులో విడిగా కనబడదు. అందుకని చార్టు వద్దని నేను అనను. శరీరం మొత్తం ఎటు పోతోందో చెప్పడానికి అదే ఆధారం. ఊపిరితిత్తిని మాత్రం ఊపిరితిత్తి దగ్గరే కొలవాలి.

మందులు కలిపిన నీటి విషయంలో సిస్టర్ గారి అనుభవానికి గట్టి ఆధారం ఉంది. బెల్జియంలోని ఒక పెద్ద ఆసుపత్రి ఐసీయూలో 14 వేల మందికి పైగా రోగుల లెక్కలు తీసి 2018లో ప్రచురించారు. రోజువారీ ద్రవంలో దాదాపు మూడోవంతు ఇలా మందుల వెంట చేరినదే. బీపీ నిలపడానికి కావాలని ఎక్కించిన ద్రవం పదోవంతు కూడా లేదు.

ఇక చార్టు నెగటివ్ అయినా ఊపిరితిత్తి ఎందుకు ఆరదన్నది. స్టార్లింగ్ 1896లో చెప్పిన సూత్రం ప్రకారం కేశనాళికలోంచి నీరు బయటికి నెట్టే ఒత్తిడి, ప్రొటీన్ల వల్ల లోపలికి లాగే ఒత్తిడి, ఈ రెండింటి తేడా మీద నీటి ప్రవాహం ఆధారపడుతుంది. గుండె వైఫల్యంలో చెడినది ఒత్తిడి మాత్రమే గనుక మూత్రం వచ్చేకొద్దీ ఊపిరితిత్తి తేలికవుతుంది. మలేరియాలోనూ సెప్సిస్‌లోనూ (ఇన్‌ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినడం) చెడినది నాళం గోడ. పరాన్నజీవి ఉన్న ఎర్రకణాలు కేశనాళికల్లో అతుక్కుపోయి, లోపలి పొర దెబ్బతిని, మామూలు ఒత్తిడి దగ్గరే ప్రొటీన్‌తో సహా నీరు కారుతుంది. ఫ్యూరోసిమైడ్ ఒత్తిడిని తగ్గించి కొత్తగా కారేదాన్ని నెమ్మది చేయగలదు. ఇప్పటికే వాయుకోశాల్లో చేరిన నీటిని బయటికి తోడవలసింది మాత్రం వాటి గోడల్లోని కణాలే. అవి సోడియంను లాగితే దాని వెంట నీరు పోతుంది. ఆ కణాలే దెబ్బతిన్నప్పుడు మూత్రం సంచి నిండినా ఊపిరితిత్తి నిదానంగానే ఆరుతుంది.

పీజీ, మహారాణిపేట

చాలా స్పష్టంగా చెప్పారు సార్. మా దగ్గర అందుబాటులో ఉన్నది అల్ట్రాసౌండ్. దానితో ఈ అర లీటరును పట్టుకోగలమా?

ప్రోబ్, ఎంవీపీ కాలనీ

ఉందో లేదో, పెరిగిందో తగ్గిందో పట్టుకోగలరు. మి.లీ.లలో చెప్పలేరు.

ప్లూరా (ఊపిరితిత్తిని కప్పే పొర) గీత నుంచి పుట్టి, తెర చివరిదాకా మాసిపోకుండా దిగి, ఊపిరితో పాటు కదిలే నిలువు తెల్ల గీతలనే బి-లైన్లు అంటాము. రెండు పక్కటెముకల మధ్య మూడు లేదా అంతకంటే ఎక్కువ కనిపిస్తే అక్కడ తడి ఉన్నట్టు లెక్క. ఒక్కో వైపు ఆరు చొప్పున పన్నెండు చోట్ల చూసి, ప్రతి చోటుకూ 0 నుంచి 3 వేస్తాము: మామూలుగా ఉంటే 0, విడివిడి బి-లైన్లు ఎక్కువగా ఉంటే 1, అవి కలిసిపోయి తెల్లని తెరలా ఉంటే 2, ఊపిరితిత్తి గట్టిపడి కాలేయంలా కనిపిస్తే 3. మొత్తం 36కు ఎంత వచ్చిందో రాస్తాము.

ప్రోబును (ఛాతీకి ఆనించే అల్ట్రాసౌండ్ పరికరం) ఎలా పట్టుకుంటారన్నది చాలా ముఖ్యం. వెల్లకిలా పడుకున్న రోగికి నీరు వెనుకకు దిగుతుంది గనుక ముందువైపు మాత్రమే చూసి వదిలేస్తే స్కోరు తక్కువ వస్తుంది. వెనుక చంక గీత దాటి, ప్రోబును మంచానికీ వీపుకూ మధ్యకు జరిపి, దాని ముఖాన్ని పైకి తిప్పి చూడాలి. అందుకు రోగిని కొంచెం పక్కకు ఒత్తిగించే మరో మనిషి కావాలి. ఇమేజ్‌ను నున్నగా చేసే హార్మోనిక్స్ వంటి సెట్టింగులు ఆపేయాలి, ఎందుకంటే అవి బి-లైన్లను తుడిచేస్తాయి. నిన్నటి లోతు, నిన్నటి గెయిన్ (తెర మీది ప్రకాశం), నిన్నటి ప్రోబే ఈరోజూ ఉండాలి. లేకపోతే రెండు రోజుల స్కోర్లను పోల్చడానికి అర్థం ఉండదు.

గుండె వల్ల చేరిన నీరయితే ప్లూరా గీత నున్నగా, బి-లైన్లు రెండు వైపులా ఒకే తీరుగా ఉంటాయి. ఏఆర్‌డీఎస్ అయితే గీత గరుకుగా, తెగినట్టుగా ఉండి, తడి మచ్చల మధ్య మంచి భాగాలు మిగిలి కనిపిస్తాయి. న్యుమోనియాలోనూ ఫైబ్రోసిస్‌లోనూ (ఊపిరితిత్తి మచ్చకట్టడం) కూడా బి-లైన్లు వస్తాయని మరచిపోకండి.

పీజీ, మహారాణిపేట

పీప్‌ను (ఊపిరి వదిలాక కూడా వెంటిలేటర్ ఊపిరితిత్తుల్లో నిలిపి ఉంచే ఒత్తిడి) 8 నుంచి 14కు పెంచిన తరువాత ఇలాంటి రోగుల్లో స్కోరు బాగా తగ్గడం గమనించాను. దాన్ని నీరు తగ్గినట్టు తీసుకోవచ్చా?

కైలాసగిరి, క్రిటికల్ కేర్

తీసుకోకూడదు. మొత్తం చర్చలో అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసిన చోటు ఇదేనని నా అభిప్రాయం.

అల్ట్రాసౌండ్ స్కోరు కొలిచేది గాలికీ తడికీ మధ్య నిష్పత్తిని. పీప్ పెంచితే మూసుకున్న వాయుకోశాలు తెరుచుకుంటాయి, వాటిలోని నీరు నాళాల చుట్టూ ఉండే కణజాలంలోకి జరుగుతుంది. గాలి పెరిగింది గనుక స్కోరు తగ్గుతుంది, ఆక్సిజన్ మెరుగవుతుంది. నీరు మాత్రం చోటు మారింది, ఊపిరితిత్తి దాటి పోలేదు. సక్షన్ కోసం ట్యూబు విప్పిన క్షణంలో పీప్ పోయి, నురగ మళ్లీ ట్యూబులోకి ఎగదన్నడం మీరందరూ చూసే ఉంటారు. ట్యూబు విప్పకుండానే చేసే క్లోజ్డ్ సక్షన్ వాడమని పట్టుబట్టేది అందుకే.

ఇంకో సంగతి. ఊపిరితిత్తుల కణజాలంలో చేరిన నీటిలో ఒక భాగం లింఫ్ నాళాల గుండా మెడ దగ్గరి పెద్ద సిరల్లోకి పోవాలి. పీప్ ఎక్కువైతే ఛాతీలో ఒత్తిడి పెరిగి ఆ సిరల ఒత్తిడి కూడా పెరుగుతుంది. పోటు మీదున్న సముద్రంలోకి గెడ్డ నీరు దిగలేక వెనక్కి నిలిచిపోయినట్టు, లింఫ్ కూడా దిగలేక వెనకే ఆగుతుంది. సీవీపీ (గుండె దగ్గరి పెద్ద సిరల్లో ఒత్తిడి) 16, 18 దగ్గర నడుస్తున్న రోగికి పీప్ ఇంకా పెంచే ముందు ఈ దారి కూడా ఆలోచించవలసి ఉంటుంది.

పెద్ద టైడల్ వాల్యూమ్ (ఒక్కో ఊపిరికి మెషీను నింపే గాలి) సంగతి చెప్పనే అక్కరలేదు. అధిక ఒత్తిడితో గాలి నింపితే ఆరోగ్యమైన ఎలుకల ఊపిరితిత్తుల్లో కూడా నీరు చేరుతుందని 1974లో వెబ్, టియర్నీ చూపించారు. అమెరికాలో 861 మందిపై జరిపి 2000లో ప్రచురించిన ట్రయల్‌లో కిలోకు 12 మి.లీ. బదులు 6 మి.లీ. ఇచ్చినప్పుడు మరణాలు 39.8 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయి. కొలవబోయే నీటిలో కొంత మన వెంటిలేటరే పుట్టించే ప్రమాదం ఉంది గనుక, కొలతకు ముందు సెట్టింగులు సరిచూసుకోవాలి.

అనస్థీషియా, మధురవాడ

మి.లీ.లలో అంకె కావాలంటే మంచం దగ్గర ఉన్న ఆచరణయోగ్యమైన పద్ధతి ట్రాన్స్‌పల్మనరీ థర్మోడైల్యూషన్. మన దగ్గర ఎక్కువమందికి పికో పేరుతో తెలిసినది అదే.

మెడ దగ్గరి సెంట్రల్ లైన్‌లో 8 డిగ్రీల కంటే చల్లగా ఉన్న సెలైన్‌ను 15 మి.లీ. ఒక్క ఊపులో వేగంగా ఎక్కిస్తాము. అది గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తుల గుండా ఎడమవైపుకు, అక్కడి నుంచి తొడ దగ్గరి ధమనికి చేరుతుంది. ఆ ధమనిలో ఉన్న కాథెటర్ కొసన ఉష్ణోగ్రత పసిగట్టే భాగం ఉంటుంది. చలువ రక్తంలోనే ఆగదు, దారిలో ఊపిరితిత్తిలోని నీటికి కూడా పాకుతుంది. నీరు ఎక్కువ ఉన్నకొద్దీ చలువ మరింత చోటుకు పంచుకుపోయి, తొడ దగ్గర కనిపించే వంపు ఆలస్యంగా, సాగినట్టుగా వస్తుంది. ఆ వంపు నుంచి చలువ పాకిన మొత్తం పరిమాణాన్ని లెక్కగట్టి, అందులోంచి ఛాతీలోని రక్త పరిమాణాన్ని తీసివేస్తే మిగిలేదే రక్తనాళాల వెలుపలి నీరు. పూర్వం దీనికి చల్లని ద్రవంతో పాటు ఇండోసయనిన్ గ్రీన్ రంగు కూడా ఎక్కించేవారు. ఇప్పుడు చలువ ఒక్కటే సరిపోతోంది. మూడుసార్లు చేసి సగటు తీసుకుంటాము.

అంకెను కిలోకు మార్చేటప్పుడు మంచం తూకం వాడకూడదు. 165 సెం.మీ. ఎత్తు, 90 కిలోల బరువు ఉన్న పురుషుడికి 800 మి.లీ. వచ్చిందనుకోండి. అసలు బరువుతో భాగిస్తే 8.9, పెద్ద ప్రమాదం లేనట్టు అనిపిస్తుంది. ఎత్తును బట్టి అతడి బరువు 61.5 కిలోలు, దానితో భాగిస్తే 13. లావు పెరిగినంత మాత్రాన ఊపిరితిత్తి పెరగదు కదా. కాబట్టి టేపుతో ఎత్తు కొలవడం ఈ పరీక్షలో మొదటి పని. టైడల్ వాల్యూమ్‌కు కూడా అదే బరువు కావాలి.

ఇదే పరికరం ఇంకో అంకె ఇస్తుంది. ఊపిరితిత్తిలోని నీటికీ, అక్కడి రక్తానికీ ఉన్న నిష్పత్తి అది. 3 దాటితే గోడ కారుతున్నట్టు, 2 లోపు ఉంటే ఒత్తిడి వల్ల చేరినట్టు మొగ్గు చూపవచ్చు. మధ్యలో వస్తే మిగతా ఆధారాలు చూడాలి. పీజీ గారు అడిగిన రోగులకు నా దృష్టిలో ఈ నిష్పత్తే ఎక్కువ ఉపయోగం.

పల్మనరీ ఎంబాలిజంలో (ఊపిరితిత్తి నాళంలో రక్తపు గడ్డ అడ్డుపడటం) మూసుకున్న నాళం వైపు చలువ చేరదు గనుక నీరు తక్కువగా కనిపిస్తుంది. ఊపిరితిత్తిలో ఒక భాగం తీసేసినవారిలో, తొడ సిరలోంచి ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు కూడా అంకెలు తప్పుదోవ పట్టిస్తాయి.

గాజువాక, జనరల్ మెడిసిన్

నేను భిన్నంగా ఆలోచిస్తున్నాను, దయచేసి అన్యథా భావించవద్దు. ధమనిలో లావుపాటి కాథెటర్, ఒక్క రోగికే పనికివచ్చే ఖరీదైన సామగ్రి, మెషీను, వాటి మీద శిక్షణ. ఇవన్నీ పెట్టి తెలుసుకున్న అంకె వల్ల రోగి బతికే అవకాశం పెరుగుతుందా? ఈ నీటి అంకెను చూసి ద్రవాలు ఇచ్చిన 101 మంది రోగుల ట్రయల్‌లో వెంటిలేటర్ రోజులు 22 నుంచి 9కి తగ్గాయని 1992లో ప్రచురించిన మాట నిజమే. కానీ సెప్టిక్ షాక్ (ఇన్‌ఫెక్షన్ వల్ల బీపీ పడిపోవడం), ఏఆర్‌డీఎస్ రోగులపై చైనాలో జరిపి 2015లో ప్రచురించిన ట్రయల్‌లో పికో ఆధారంగా నడిపినవారికీ, సీవీపీ ఆధారంగా నడిపినవారికీ మరణాల్లో తేడా రాలేదు.

దీనికి ఎదురుగా, ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారికి ద్రవాలు ఎంత ఇవ్వాలో చూసిన 2006 నాటి ఫాక్ట్ ట్రయల్‌ను పెట్టి చూడండి. 1000 మంది రోగులు. ద్రవాలు పొదుపుగా ఇచ్చినవారి మొత్తం బ్యాలెన్స్ ఏడో రోజుకు దాదాపు సున్నా దగ్గర ఉంది. ఉదారంగా ఇచ్చినవారికి సుమారు 7 లీటర్ల పాజిటివ్. మరణాల్లో స్పష్టమైన తేడా రాకపోయినా, వెంటిలేటర్ లేకుండా గడిచిన రోజులు 12.1 నుంచి 14.6కు పెరిగాయి. అక్కడ ఊపిరితిత్తి నీటిని ఎవరూ కొలవలేదు. షాక్ తగ్గాక ద్రవాలు ఆపి, మూత్రం వచ్చేలా చేస్తే చాలదా?

అనస్థీషియా, మధురవాడ

మీ అభ్యంతరం న్యాయమైనదే సార్. అందరికీ వేయాలని నేనూ అనను. బీపీ పడిపోతోంది, ఆక్సిజనూ పడిపోతోంది, ఒకటి ద్రవం అడుగుతోంది, రెండోది వద్దంటోంది అన్న స్థితిలో మాత్రమే వేస్తాను. తీవ్రమైన మలేరియా సరిగ్గా ఆ స్థితి. బంగ్లాదేశ్‌లోనూ మన దేశంలోనూ 28 మంది పెద్దలపై ఇదే పద్ధతితో చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. ద్రవాలు ధారాళంగా ఎక్కించినా రక్తంలో ఆమ్లత్వం గానీ కిడ్నీ పనితీరు గానీ బాగుపడలేదు. ఊపిరితిత్తి నీరు మాత్రం పెరిగి కొందరికి పల్మనరీ ఎడీమా (ఊపిరితిత్తుల్లో నీరు నిండడం) వచ్చింది. ఆ రోగుల్లో ద్రవం విషయంలో చేయి బిగించాలని మనం నేడు నమ్మకంగా చెప్పగలుగుతున్నామంటే, ఎవరో కూర్చుని ఆ నీటిని కొలిచినందువల్లే.

గాజువాక, జనరల్ మెడిసిన్

ఆ వర్గం రోగుల వరకు అంగీకరిస్తాను.

బయోకెమిస్ట్రీ, సీతమ్మధార

ఖర్చు లేని పాత పద్ధతి ఒకటి గుర్తు చేస్తాను. గొట్టం వేసిన కొత్తలో నురగ నీరు ఇంకా వస్తున్నప్పుడు, మెత్తని సక్షన్ కాథెటర్‌ను అడ్డు తగిలేదాకా లోపలికి పంపి, సెలైన్ పోయకుండా, ఒకటి రెండు మి.లీ. నీటిని ట్రాప్‌లోకి తీయండి. అదే సమయంలో రక్తం కూడా తీసి రెండింటిలో మొత్తం ప్రొటీన్ పంపండి. నీటి ప్రొటీన్‌ను ప్లాస్మా ప్రొటీన్‌తో భాగిస్తే 0.65 లోపు వస్తే ఒత్తిడి వల్ల చేరిన నీరు, అంతకు మించితే గోడ కారడం వల్ల చేరిన నీరు అని భావిస్తారు. కొన్ని గంటల తరువాత మళ్లీ తీయగలిగితే ఇంకా మంచిది. వాయుకోశాలు నీటిని తోడుకున్నంత వేగంగా ప్రొటీన్‌ను తోడలేవు కాబట్టి, నీరు పోతుంటే మిగిలినదానిలో ప్రొటీన్ చిక్కబడుతుంది. ఏఆర్‌డీఎస్ రోగులు 79 మందిలో వేర్, మాథే ఇలా కొలిచి 2001లో ప్రచురించినప్పుడు సగానికి పైగా రోగుల్లో ఈ తోడే శక్తి దెబ్బతిని ఉంది. ఆ శక్తి నిలిచి ఉన్నవారిలో మరణాలు తక్కువ.

కైలాసగిరి, క్రిటికల్ కేర్

ఆ శక్తిని పెంచాలని ఉబ్బసానికి వాడే సాల్బ్యూటమాల్‌ను సిరలోకి ఇచ్చి చూసిన బ్రిటిష్ ట్రయల్‌ను మధ్యలోనే ఆపవలసి వచ్చింది. 2012లో వచ్చిన ఫలితాల్లో మందు ఇచ్చినవారిలో 34 శాతం, ఇవ్వనివారిలో 23 శాతం మంది మరణించారు. నీరు తోడించే మందు ఇప్పటికీ మన చేతిలో లేదు. కొత్తగా చేరకుండా చూసుకోవడమే మన పని.

రెస్పిరేటరీ టెక్నీషియన్, పెందుర్తి

వెంటిలేటర్ తీసే రోజును కూడా ఈ లెక్కలో కలపండి. మెషీను నెట్టే గాలి నుంచి రోగి సొంతంగా పీల్చే గాలికి మారగానే ఛాతీలో ఒత్తిడి తగ్గి, గుండెకు రక్తం ఒక్కసారిగా ఎక్కువ చేరుతుంది. గుండె బలహీనంగా ఉంటే అరగంట టీ-పీస్ (మెషీను సాయం లేకుండా రోగి సొంతంగా ఊపిరి తీసేందుకు గొట్టానికి పెట్టే అమరిక) మీదే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. టీ-పీస్ పెట్టే ముందు ఒకసారి, ఆయాసం మొదలైతే వెంటనే ఇంకోసారి అల్ట్రాసౌండ్ పెట్టి, అంతకుముందు లేని బి-లైన్లు ముందువైపు వచ్చాయేమో చూస్తే, కండరాల బలహీనత వల్ల వచ్చిన ఆయాసమా, నీటి వల్లనా అన్నది చాలావరకు తేలుతుంది. మొదటిదానికి వ్యాయామం, రెండోదానికి ఫ్యూరోసిమైడ్. చికిత్సలు పూర్తిగా వేరు.

పీజీ, మహారాణిపేట

అందరికీ కృతజ్ఞతలు. మా దగ్గర ఉన్నవాటితో ఇలా చేద్దామనుకుంటున్నాను: చేరిన రోజునే టేపుతో ఎత్తు; నురగ వస్తుంటే ప్రొటీన్ నిష్పత్తి; రోజూ పన్నెండు చోట్ల అల్ట్రాసౌండ్; మందుల నీటితో సహా చార్టు; మంచం తూకం. షాక్ కూడా ఉండి ఎటూ తేలని రోగికి థర్మోడైల్యూషన్ సదుపాయం ఉన్నచోటి సలహా అడుగుతాను. సిస్టర్ గారూ, తూకం ఎప్పుడు, ఎలా తీస్తే నమ్మవచ్చు?

స్టాఫ్ నర్సు, అరిలోవ

రోజూ ఒకే సమయానికి, ఉదయం స్పంజింగ్ అయ్యి దుప్పటి మార్చాక తీయండి డాక్టర్ గారూ. మొదటి రోజు మంచాన్ని సున్నా చేసినప్పుడు ఎన్ని దిండ్లు, ఏ పరుపు ఉన్నాయో కాగితం మీద రాసి మంచానికి అంటించండి. తూచేటప్పుడు వెంటిలేటర్ ట్యూబులు రోగి మీద బరువు వేయకుండా ఒకరు ఎత్తి పట్టుకోవాలి, మూత్రం సంచిని మంచానికి కాకుండా స్టాండుకు తగిలించాలి. అల్ట్రాసౌండ్ స్కోరును కూడా అదే సమయానికి చూసి, ఆ పక్క గడిలోనే అప్పటి పీప్, ఆక్సిజన్ శాతం రాయించండి. పీప్ మార్చిన రోజు స్కోరు చుట్టూ ఎర్ర సిరాతో గీత గీస్తే, తరువాతి డ్యూటీలో వచ్చేవారు దాన్ని నిన్నటితో పోల్చకుండా ఆగుతారు.